బూజమ్మ గదిలో నలభై నిమిషాలు

"మాస్కు తీసెయ్యండి సార్, ఫరవాలేదు. మీరు మాట్లాడేది నాకు సగం వినపడట్లేదు."

డిటెక్టివ్ చెయ్యి మాస్కు దాకా వెళ్లి ఆగిపోయింది. రెండేళ్లుగా ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. అందులోనూ ఈ మనిషి అనడమా!

డిటెక్టివ్ తన అక్క ఇచ్చిన కిడ్నీతో బతుకుతున్నవాడు. ఒంట్లో కాపలా కాసే తెల్లకణాలకు ఆ కిడ్నీ పరాయిదే. అవకాశం దొరికితే తరిమి తరిమి చంపుతాయి. అందుకే వాటిని జోకొట్టి ఉంచడానికి రోజూ రెండు పూటలా కాప్సూల్స్ మింగుతాడు. కాపలావాళ్లు నిద్రపోతున్న ఇంట్లోకి ఎవరైనా దూరొచ్చు. మామూలు మనిషి పీల్చి, ఒక తుమ్ము తుమ్మి మరిచిపోయే బూజు, ఇతన్ని పది రోజుల్లో పాడె ఎక్కించగలదు. ఆ సంగతి విడమరిచి చెప్పి, మాస్కు లేకుండా గడప దాటొద్దని ఇన్నాళ్లూ చీవాట్లు పెట్టింది ఎదురుగా కూర్చున్న, ఈ ల్యాబు నడిపే ప్రొఫెసరమ్మ కింద పనిచేసే ఈ చిన్న సారే.

"ఈ గదిలోకి బూజు రాదు సార్. మేడం రానివ్వరు. ల్యాబు కోటు వేసుకుని గడప తొక్కితే నన్నైనా సరే మెడపట్టి గెంటేవారు." చిన్న సారు నవ్వి, రిమోట్ తీసుకుని ఏసీ వేశాడు. "చెమటలు కారిపోతున్నాయి మీకు. మంచినీళ్లు తాగండి."

డిటెక్టివ్ మాస్కు గడ్డం కిందికి లాగి నీళ్లు తాగాడు. గోడ గడియారంలో పదకొండూ అయిదయింది.

ఆ గది ప్రొఫెసరమ్మది. మనుషుల్ని పట్టే బూజుల మీద, వాటిని అడ్డుకునే తెల్లకణాల మీద ఆవిడ ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తోంది. ఆ రోజుల్లో పరిశోధనలో చేరి బూజుల మీద పనిచేస్తానంటే, పై ప్రొఫెసరు పగలబడి నవ్వి, "బూజు దులపడానికి డాక్టరేట్ ఎందుకమ్మా, చీపురు చాలదూ?" అన్నాడట. అప్పటినుంచీ ఆవిడ పేరు బూజమ్మ. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోకుండా ఆ పేరే చెక్కించి టేబుల్ మీద పెట్టుకుంది. కిడ్నీలు మార్పించుకున్న నలభై మంది రోగుల్ని చేరదీసి, వాళ్లకు మందులు ఉచితంగా ఇస్తూ, మూడు నెలలకోసారి రక్తం తీసి పరీక్షిస్తోంది. అందులో తొమ్మిదో నంబరు రోగి మన డిటెక్టివ్.

ఇప్పుడా బూజమ్మ ఊపిరితిత్తుల నిండా బూజు పట్టి, ఆరు రోజులుగా ఐసీయూలో స్పృహ లేకుండా పడి ఉంది.

"పోయిన శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి మేడం నాకు ఫోన్ చేశారు," అన్నాడు డిటెక్టివ్. "'రేపు పదింటికి రా, ఫోన్లో చెప్పేది కాదు' అన్నారు. శనివారం తెల్లారేసరికి ఆస్పత్రిలో ఉన్నారు. శుక్రవారం ఆవిణ్ని చివరగా చూసిందెవరు?"

"నేనే సార్. ఏడింటిదాకా ఇక్కడే కూర్చున్నాం. ఒకటే దగ్గు. ఇంటికెళ్లమని మొత్తుకున్నాను."

"ఏం మాట్లాడుకున్నారు?"

"ఇవాళ్టి ఇంటర్వ్యూ గురించే. నాకు ప్రొఫెసర్ పోస్టుకి మధ్యాహ్నం రెండున్నరకి ఇంటర్వ్యూ, పై అంతస్తు హాల్లో. మేడం కమిటీలో ఉండాల్సింది."

"మీ ఇద్దరికీ ఏమైనా గొడవలున్నాయా?"

"నన్ను పెద్దకొడుకు అనేవారు సార్."

అడిగినదానికి అది జవాబు కాదు. డిటెక్టివ్ దాన్ని మనసులో ఒక మూలన పెట్టుకున్నాడు.

"ఆవిడ ఇక్కడ ఏం తినేవారు, ఏం తాగేవారు?"

"తినడమా! పదింటికి ఒక్క కాఫీ, అంతే. పద్నాలుగేళ్లుగా నేనే కలిపిస్తున్నాను. ఇంకెవరు కలిపినా ఆవిడకి నచ్చదు." అందులో గర్వం ఉంది.

ఇంకా ఏవేవో అడిగాడు. చిన్న సారు ఒక్కదానికీ నీళ్లు నమల్లేదు, వాచీ చూసుకోలేదు. పావు తక్కువ పన్నెండుకి డిటెక్టివ్ బయటికొచ్చి, మాస్కు మళ్లీ ముక్కుమీదికి లాక్కున్నాడు.

వరండా చివర ఒక తలుపు సందులోంచి ఎవరో చెయ్యి ఊపారు. ల్యాబులో ప్లేట్లు పోసే ఆవిడ. బూజులు పెంచడానికి గాజులాంటి మూతల గిన్నెల్లో మేత కాచి పోయడం ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని. అందరూ ప్లేట్లమ్మ అంటారు. ఆవిడ అతన్ని లోపలికి లాగి తలుపు గడియ పెట్టింది.

"ఎంతసేపు కూర్చున్నారు బాబూ ఆ గదిలో?"

"నలభై నిమిషాలు."

"మాస్కుతోనేనా?"

"తీశాను."

ప్లేట్లమ్మ నోరు నొక్కుకుంది. "ఎంత పని చేశారు! వద్దని సైగ చేద్దామంటే ఆయన పక్కనే ఉన్నాడు."

డిటెక్టివ్ తలుపువైపు ఒకసారి చూశాడు. "ఏముందమ్మా ఆ గదిలో?"

ఆవిడ అలమర తెరిచి రెండు ప్లేట్లు బల్ల మీద పెట్టింది. మేడంకి ఒక అలవాటుందట. ప్రతి సోమవారం, ఎవరూ రాకముందు, ఏడున్నరకి ల్యాబులో, వరండాలో ఒక్కో ప్లేటు మూత తీసి పెట్టేది. గంటసేపు గాల్లో ఉన్నదేదో అందులో పడేది. మూడు రోజుల తర్వాత ఎన్ని చుక్కలు మొలిచాయో లెక్కపెడితే గాలి ఎంత శుభ్రంగా ఉందో తెలిసేది. ఆ సంగతి మేడంకీ తనకీ తప్ప ఎవరికీ పట్టేది కాదు. పది రోజుల కిందటి సోమవారం, ఆవిడ ఎప్పుడూ లేనిది తన గదిలో కూడా ఒకటి పెట్టింది.

"ఇది వరండాది. చూడండి, మూడే చుక్కలు. ఇది మేడం గదిలోది."

రెండో ప్లేటులో చుక్కలు లేవు. బూడిదరంగు బూజు అంచునుంచి అంచుదాకా దుప్పటిలా పరుచుకుని ఉంది. మూతకు చుట్టూ టేపు వేసి ఉన్నా డిటెక్టివ్ రెండడుగులు వెనక్కి వేశాడు. పీల్చిన ప్రతి ఊపిరీ లెక్కకొచ్చింది. నలభై నిమిషాలు, నిమిషానికి పదిహేను. ఆరువందల సార్లు పీల్చాడు ఆ గాలిని.

అప్పుడే తలుపు దబదబా మోగింది.

"తియ్యరా! నువ్వొచ్చావని కింద చెప్పారు."

గొంతు వినగానే డిటెక్టివ్ పళ్లు కొరికాడు. ఇద్దరూ ఒకే రోజున పోలీసు ఉద్యోగంలో చేరారు. ఇతను ఆస్పత్రి పాలయ్యాక ఇతని కుర్చీలో కూర్చున్నవాడు ఈ ఇన్‌స్పెక్టర్. బుగ్గలదాకా మీసాలు, చంకలో ఫైలు.

"ఏరా, ఇంట్లో కూర్చుని మందులు మింగమంటే నా కేసులో వేలు పెడతావేం?" అన్నాడు లోపలికొస్తూనే. "ల్యాబులో ప్రమాదం. బూజుతో పనిచేసే మనిషికి బూజు పట్టింది. ఇవాళ సాయంత్రం ఐదింటికి ఫైలు మూస్తున్నా."

"ముప్ఫై ఏళ్లు పట్టని బూజు ఇప్పుడే పట్టిందా? ఆవిడకి షుగర్ లేదు, కేన్సర్ లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఇది పట్టదురా."

"కోడిగుడ్డుకి ఈకలు పీకకు. పెద్దావిడ, కోటుకి అంటుకుంది, పీల్చింది."

"కోటుకంటితే వరండాలో కూడా రాలాలిగా! ఆ ప్లేటు చూడు, ఈ ప్లేటు చూడు."

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. "ఎవరో మూతలు తారుమారు చేసుంటారు. ఏది ఏ గదిదో ఎవడు చెప్పగలడు?" అంటూ వరండా ప్లేటు మూత ఎత్తబోయాడు. ప్లేట్లమ్మ అతని చేతిమీద ఫట్‌మని కొట్టింది.

"మూత ముట్టుకోకండి! పేరు మూత మీద రాసేవాళ్లని మేడం ఈ ల్యాబులో ఒక్కరోజు ఉండనిచ్చేది కాదు. మూతలు మారతాయి, అడుగులు మారవు." రెండో ప్లేటు తిప్పి చూపించింది. అడుగున సన్నటి నల్ల అక్షరాలు: 'నా గది. సోమవారం. తెరిచింది 7.30, మూసింది 8.30.' బూడిదరంగు బూజు అడుగువైపు ఇటుకరంగులో ఉంది. ప్లేట్లమ్మ ఆ రంగునే చూపించింది. "ఇది నలభై ఏడు, సార్. మా దగ్గర రెండొందల రకాలున్నాయి. అడుగున ఈ రంగు తేలేది దీనికొక్కదానికే. చనిపోయిన రోగి దగ్గర తీసింది. మామూలుగా ఇచ్చే మందు దీనికి నీళ్లతో సమానం. ఇంకో మందుకే లొంగుతుంది. రెండు తాళాల ఫ్రీజర్లో ఉంటుంది."

"తాళాలు ఎవరి దగ్గర?"

"ఒకటి మేడం దగ్గర. ఒకటి చిన్న సారు దగ్గర."

డిటెక్టివ్ అప్పటికే ఫోన్ తీశాడు. ఐసీయూ డాక్టరు దొరకడానికి పది నిమిషాలు పట్టింది. సంగతి విని ఆయన గొంతు మారిపోయింది. "ఆరు రోజులుగా ఆ మామూలు మందే ఇస్తున్నామండీ! ఇప్పుడే మార్చేస్తాను," అని పెట్టేశాడు.

ఇన్‌స్పెక్టర్ మీసాలు తడుముకున్నాడు. ఫైలు మూసే ఉత్సాహం తగ్గింది గానీ తలవంచే రకం కాదు. "సరే, గది చూద్దాం పద."

"నేను గడప దాటను. నువ్వు ఈ మాస్కు పెట్టుకునే వెళ్లు."

"నాకెందుకు? నీలాగా అరువు సరుకుతో బతకట్లేదు నేను."

ఆ మాట డిటెక్టివ్‌కి చురుక్కున తగిలింది. కొత్త మాస్కు అతని జేబులో కుక్కాడు. చిన్న సారు తాళమేసి వెళ్లిన ఆ గదికి ఇంకో తాళంచెవి తెప్పించేసరికి రెండయింది. ఇన్‌స్పెక్టర్ గొణుక్కుంటూనే మాస్కు కట్టుకుని, కుర్చీ ఎక్కి ఏసీ మూత ఊడదీశాడు. జాలీ వెనక, గాలి బయటికొచ్చే చోట, అరచేతంత దూదిముక్క దారంతో కట్టి ఉంది. దాన్నిండా బూడిదరంగు పొడి. వేలు తగలగానే పొగలా లేచింది.

ఇన్‌స్పెక్టర్ కుర్చీ మీంచి దిగడం కాదు, దూకాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. వరండాలోకొచ్చి, మాస్కు ముక్కుకి అదుముకుంటూ, "ఒరేయ్, ఇందాక ఏసీ వేసే కూర్చున్నారా?" అన్నాడు.

"వాడే వేశాడు."

డిటెక్టివ్ ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాడు. మాస్కు తీయమన్నాడు, నీళ్లిచ్చాడు, ఏసీ వేశాడు. తన తెల్లకణాలు ఎంత నీరసంగా ఉన్నాయో అంకెలతో సహా తెలిసినవాడు. రక్తం తీసేది వాడే, నెలనెలా కాప్సూల్స్ సీసా చేతికిచ్చేదీ వాడే. నన్నెందుకు చంపాలనుకున్నాడు? నేనేం కనిపెట్టానని?

ప్లేట్లమ్మ ఈ తతంగమంతా చూస్తూ నిలబడి ఉంది. ఏదో తేల్చుకున్నట్టు లోపలికెళ్లి, మేత పొడి డబ్బా అడుగునుంచి అట్ట వేసిన నోట్‌బుక్ ఒకటి తీసుకొచ్చింది.

"శుక్రవారం సాయంత్రం మేడం నాకిచ్చి, 'రేపు తొమ్మిదో నంబరాయన వస్తాడు, ఆయన చేతిలోనే పెట్టు' అన్నారు. శనివారం మీరు రాగానే చిన్న సారే ఎదురొచ్చి మిమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్లిపోయారు. ఇవాళా అంటిపెట్టుకునే ఉన్నారు. నాకు ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నట్టుంది బాబూ, ఇద్దరు ఆడపిల్లలున్నారు నాకు."

డిటెక్టివ్ నోట్‌బుక్ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తెరిచాడు. నెలన్నర కిందటి పేజీలో రెండు ఫొటోలు అతికించి ఉన్నాయి. తెల్లకణం బూజు గింజను మింగుతున్న బొమ్మలు. చిన్న సారుకి పేరు తెచ్చిన వ్యాసంలోవి. ఇద్దరు వేర్వేరు రోగులవని అచ్చయ్యాయి. కింద మేడం రాసుకుంది: 'రెండూ ఒకటే బొమ్మ. ఒకదాన్ని తిప్పి పెట్టాడు. ఇంటర్వ్యూలోపు తనే ఒప్పుకోవాలి. లేకపోతే కమిటీకి నేను రాయాలి.'

"దొరికాడు!" ఇన్‌స్పెక్టర్ తొడ చరిచాడు. "ఇంకేం కావాలిరా? ఇంటర్వ్యూ మొదలయ్యేది రెండున్నరకి. ఇప్పుడు రెండున్నరే."

"ఆగు. ఒక్కటి తేలలేదు. బూజు గదిలో పెట్టాడు, సరే. ఆరోగ్యంగా ఉన్న మనిషిని అదెలా పడగొట్టింది?"

చివరి పేజీ తిప్పాడు. అది రోగుల రక్తపరీక్షల పట్టిక. తెల్లకణాల్ని జోకొట్టే ఆ మందు ఎవరి రక్తంలో ఎంత ఉందో వరసగా రాసి ఉంది. ఒకటో నంబరుకి ఏడు. రెండో నంబరుకి ఆరు. అలా నలభై దాకా దాదాపు అందరికీ అయిదుకీ తొమ్మిదికీ మధ్యే. నలభై కింద, ఇదివరకు ఏ పట్టికలోనూ లేని వరస ఒకటి ఉంది. 'నేను: ఎనిమిది.'

"నేనంటే మేడమే," అంది ప్లేట్లమ్మ. "నెల్లాళ్లుగా ఒంట్లో బాగుండక, ఆ సోమవారం తన రక్తం కూడా తనే తీసి వాటిల్లో కలిపి పంపారు."

"ఆవిడకి కిడ్నీ మార్చలేదుగా! ఆ మందు ఆవిడ రక్తంలోకి ఎలా వచ్చింది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కాఫీలో," అన్నాడు డిటెక్టివ్. "కాప్సూల్ విప్పి, పొడి కాఫీలో కలిపాడు. కాపలావాళ్లని నిద్రపుచ్చి, తర్వాత దొంగని లోపలికి వదిలాడు."

"మరి అన్ని కాప్సూల్స్ ఎక్కణ్నించి తెచ్చాడు? లెక్కలుంటాయిగా."

'నేను' అన్న మాట దగ్గర్నుంచి ఎర్రపెన్సిలు గీత ఒకటి పైకి పాకింది. ముప్ఫైలు, ఇరవైలు దాటి తొమ్మిదో నంబరు దగ్గర ఆగింది. అక్కడ అంకె చుట్టూ ఎర్రటి సున్న చుట్టి ఉంది. లోపలున్నదీ సున్నే.

పక్కన వణుకుతున్న అక్షరాలు: 'అందరికంటే పెద్ద మోతాదు ఇతనిదే. ఒక మనిషికి సరిగ్గా సరిపోతుంది. వాణ్ని అడగాలి. వాడు కాదంటే బాగుండును.'

"ఏంట్రా, అలా అయిపోయావు?" ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ లాక్కుని చదివాడు. రెండోసారి చదివాడు. అతని మొహం విప్పారింది. "ఒరేయ్, అంటే నీ సీసాలోవి నువ్వు మింగట్లేదు, ఉత్తివి మింగుతున్నావు! నీ కాపలావాళ్లు మేలుకునే ఉన్నారన్నమాట. ఇక ఆ బూజు నిన్నేం పీకుతుంది? బతికిపోయావురా!"

అందుకే చిన్న సారు మాస్కు తీయమన్నాడు. చంపడానికి కాదు. ఏమీ కాదని ఖాయంగా తెలిసి, నోరు జారాడు. రెండేళ్ల జాగ్రత్తలు ఆ ఒక్క నిమిషంలో మరిచిపోయాడు.

"నా కాపలావాళ్లు మేలుకుని ఉంటే," అన్నాడు డిటెక్టివ్, "వాళ్లకి ముందు కనపడేది బూజు కాదురా. కిడ్నీ. మా అక్క కిడ్నీ."

ఇన్‌స్పెక్టర్ నవ్వు చప్పున ఆరిపోయింది.

డిటెక్టివ్ తన డాక్టరుకి చెయ్యాలని ఫోన్ తీశాడు. ఇన్‌స్పెక్టరే నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టాడు. డాక్టరు అంతా విని, "నొప్పి ఏమైనా ఉందా?" అంది.

"లేదండీ. ఏమీ లేదు."

"ఉండదు. అదే దానితో వచ్చిన చిక్కు. వెంటనే వచ్చి చేరండి. కానీ ఏం మింగారు, ఎన్నాళ్లుగా మింగారు, ఆ రెండూ తెలిస్తేనే నేను ఏం చెయ్యాలో తెలుస్తుంది. కనుక్కుని రండి."

ఇంటినిండా పిల్లలున్న అక్క, ఆపరేషన్ బల్ల మీద పడుకుని కూడా తమ్ముణ్ని చూసి నవ్విన అక్క గుర్తొచ్చి డిటెక్టివ్‌కి కళ్లు మసకబారాయి. చచ్చిపోతానేమో అన్న భయం రెండేళ్లుగా అలవాటే. ఆవిడ ఇచ్చినదాన్ని పోగొట్టుకుంటానేమో అన్న భయం కొత్తది.

"నువ్వు జీపెక్కు, డ్రైవర్ తీసుకెళ్తాడు. నేను వాణ్ని అడుగుతా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పోలీసు అడిగితే లాయర్ని పిలవమంటాడు. తొమ్మిదో నంబరు రోగి అడిగితే చెబుతాడు."

హాలు తలుపు నెట్టుకుని లోపలికెళ్లేసరికి రెండూ నలభై. పొడుగాటి బల్ల వెనక కమిటీవాళ్లు అయిదుగురు. తెర ముందు నిలబడ్డ చిన్న సారు, తెల్లకణం బొమ్మ మీద వేలు పెట్టి ఏదో వివరిస్తున్నాడు. డిటెక్టివ్‌ని, వెనక ఖాకీ బట్టల్ని, ఖాకీ చేతిలోని నోట్‌బుక్‌ని వరసగా చూశాడు. వేలు బొమ్మ మీంచి నెమ్మదిగా జారింది.

"ఎవరండీ మీరు? లోపల ఇంటర్వ్యూ జరుగుతోంది!" అన్నారెవరో.

డిటెక్టివ్ నేరుగా అతని దగ్గరికి నడిచాడు. కాలర్ పట్టుకోలేదు, అరవలేదు. "నా సీసాలో ఏం పోశావు?"

చిన్న సారు పెదాలు తడుపుకున్నాడు. అబద్ధం కోసం వెతుకుతున్నాడనుకున్నాడు డిటెక్టివ్. కాదు.

"గ్లూకోజ్ సార్. శుభ్రమైందే. మీకు చెడు చేసేదేం వెయ్యలేదు."

"ఎన్నాళ్లుగా?"

ఆ కళ్లలో అప్పటిదాకా లేని బెదురు కనిపించింది. కమిటీని చూసి కాదు, పోలీసుని చూసీ కాదు. పరీక్ష రిపోర్టు చేతిలోకి తీసుకున్నప్పుడు చూసినట్టు డిటెక్టివ్ మొహంలోకి చూస్తూ, వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు.

"పోయిన నెల సీసా, ఈ నెల సీసా. ఇవాళ్టికి ముప్ఫై మూడు రోజులు." రెండేళ్లుగా చీవాట్లు పెట్టిన ఆ పాత గొంతు ఉన్నట్టుండి బయటికొచ్చింది. "అయిదు వారాలు దాటితే ఆ కిడ్నీని ఎవ్వరూ కాపాడలేరు సార్. ఇక్కడ నిలబడి మాట్లాడతారేంటి? పరిగెత్తండి!"